లేనిదాన్ని కొలిచే ఆడపడుచు

మా ఆడపడుచు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, చాలాకాలం "ప్రభుత్వోద్యోగం" అని చెప్పి ఊరుకునేదాన్ని. అబద్ధమేమీ కాదు. కానీ అడిగినవాళ్లు అంతటితో ఊరుకుంటేగా! "ఏ శాఖ?" అంటారు. "బురద శాఖ" అనేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు. నేనేమీ నవ్వులాటకి అనలేదు. ఊరి మధ్యనున్న చెరువులోకి పడవ వేసుకెళ్లి, మనిషంత పొడుగు గొట్టాన్ని అడుగు బురదలోకి దించి, పైకి లాగి, ఆ బురదని పలకలు పలకలుగా కోసి, ఒక్కో పలకకీ పేరు రాసి చలిపెట్టెలో దాచుకునే మనిషిని ఇంకేమని చెప్పాలి?

మావారికి ఒక్కతే చెల్లెలు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికే పుస్తకాల్లో తల దూర్చి ఉంది, ఇప్పటికీ బయటికి తీయలేదు. పెళ్లి మాట ఎత్తితే "చూద్దాం వదినా" అంది. ఆ చూడటం పాతికేళ్లయినా పూర్తికాలేదు. ఇల్లు వాళ్ల తాతగారు కట్టించింది, అన్నాచెల్లెళ్లిద్దరిదీ, కాబట్టి మేమందరం ఒక్కచోటే. ఎప్పుడూ కింద ఏముందో తవ్వి చూసే మనిషి గనక దానికి నేను పెట్టిన పేరు పాతాళం. వదినామరదళ్ల మధ్య ఇంతమాత్రం లేకపోతే ఎలా? అది కూడా నన్ను ఊరికే వదలదు. నా కుట్టుమిషన్ చప్పుడుకి భూకంపాల ఆఫీసువాళ్లు వచ్చి విచారించి పోయారని వీధంతా చెప్పుకొచ్చింది.

దాని బురదకి నేను పెట్టిన కట్టుదిట్టాలు అన్నీ ఇన్నీ కావు. వీధి గుమ్మంలోంచి రాకూడదు. పెరటి వైపు నుంచి రావాలి, బూట్లు బయటే విడవాలి, కాళ్లు మోకాళ్ల దాకా కడుక్కోవాలి, ఆ తర్వాతే గడప దాటాలి. "ఎన్నేళ్ల నాటి మురికో, ఎవరెవరి పాపమో, నా ఇంట్లోకి తేకు తల్లీ" అనేదాన్ని. పాపం, ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. చలికాలంలో కూడా పెరట్లో నిలబడి వణుకుతూ కాళ్లు కడుక్కునేది. నా ఇల్లంటే నాకంత పట్టింపు మరి. పొద్దునా సాయంత్రం చీపురు పట్టనిదే నాకు నిద్ర పట్టదు.

ఒకసారి దాన్ని కూర్చోబెట్టి అడిగాను, అసలా బురదలో ఏం కనిపిస్తుందే నీకు అని. అడగడం నా బుద్ధితక్కువ. వంట మాడిపోయేదాకా చెప్పింది. అయినా కొంత బుర్రకెక్కింది. ప్రతి ఏడూ చెరువు అడుగున ఒక పొర పేరుకుంటుంది. పైది నిన్నటిది, అడుగుది మన ముత్తాతల ముత్తాతల నాటిది. ఆ పొరల్లో నువ్వుగింజంత నత్తగుల్లలుంటాయి. నీటిలో కొంత బరువుది, కొంత తేలికది ఉంటుందట. ఎండలు మండిపోయిన ఏడు తేలికది ముందు ఆవిరైపోతుంది, బరువుది మిగులుతుంది. ఆ ఏడు పుట్టిన నత్త ఆ నీటితోనే గుల్ల కట్టుకుంటుంది. కాబట్టి గుల్లని కొలిస్తే అది కరువు కాలమో వానల కాలమో తెలిసిపోతుంది.

"అంటే నత్తని సాక్ష్యానికి పిలుస్తావన్నమాట" అన్నాను.

"మనుషులకంటే నయం వదినా. మాట మార్చదు" అంది.

ఈ సంగతి వీధిలో పాకింది. మూల మీద కూరగాయలమ్మే ఆవిడ దీన్ని ఆపి "అమ్మాయిగారూ, రేపు వాన పడుతుందంటారా?" అని అడిగింది. "రేపటి సంగతి తెలీదండీ, మూడొందల ఏళ్ల కిందటిదైతే చెప్తాను" అంది మా పాతాళం, ఎంతో సీరియస్‌గా. ఆవిడ దీని సంచిలో రెండు వంకాయలు ఎక్కువ వేసి పంపింది, జాలిపడి.

వానలూ కరువులే కాదు, విషాలు కూడా కనిపెట్టేది. పెట్రోల్లో సీసం కలిపిన రోజులు బురదలో ఒకచోట, మానేసిన రోజులు దానిపైన. ఫ్యాక్టరీ వచ్చిన ఏడు, దాని నీళ్లు చెరువులోకి వదిలిన ఏడు, అన్నీ ఉంటాయట. సీసంలో కూడా తేడాలున్నాయట. ఏ గనిలో పుట్టిన సీసానికి ఆ గని గుర్తు ఉంటుంది, కరిగించినా పోదు, రంగులో కలిపినా పోదు. అందుకని ఇది ఎవరి పాపమో వేలెత్తి చూపించొచ్చు. ఆ ఏడాది దానికి అప్పగించిన పని కూడా అదే, చెరువులోకి సీసం ఎక్కణ్ణించి వస్తోందో తేల్చి చెప్పడం.

అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది ఖాళీ గొట్టం వ్యవహారం. బురద నింపిన గొట్టాలతోపాటు ఒక గొట్టంలో ఏమీ వేయకుండా, ఉత్త నీళ్లూ ఆసిడ్డూ మాత్రం పోసి, దానికి కూడా మిగతావాటికి చేసిన మర్యాదలన్నీ చేస్తుంది. కాచడం, వడకట్టడం, మిషన్లో పెట్టడం. చివర్లో అందులో ఏమీ లేదని తేలాలి. తేలితే పండగ. ఉన్నదాన్ని కొలిచేవాళ్లని చూశాం గానీ, లేనిదాన్ని కొలిచి జీతం తీసుకునేది లోకం మొత్తం మీద మా ఆడపడుచొక్కతే అనుకునేదాన్ని. "అది ఖాళీ అని తేలకపోతే మిగతావేవీ నమ్మకూడదు వదినా. ఆ మురికి బురదలోదో, నా చేతిదో ఎలా తెలుస్తుంది?" అనేది.

ఇక మా మనవరాలి సంగతి. మా అమ్మాయీ అల్లుడూ పక్కవీధిలోనే ఉంటారు, ఇద్దరివీ ఉద్యోగాలు. పొద్దున్నే బుజ్జిదాన్ని మా దగ్గర దింపి సాయంత్రం తీసుకెళ్తారు. ఏడాది వచ్చేదాకా బంతిలా ఉండేది. హాలంతా పాకి, కిటికీ గూట్లో చేతులు పెట్టి నిలబడి, వీధిలో పోయే ప్రతివాణ్ణీ పలకరించేది. ఆ తర్వాత ఏమైందో తెలియదు, తిండి తగ్గింది. మొహం పాలిపోయింది. కడుపు పట్టుకుని ఏడుపు. "తాత", "అమ్మ" అని చక్కగా అనే పిల్ల ఆ మాటలు కూడా మానేసి మూలుగుతూ కూర్చునేది. పళ్లొస్తున్నాయన్నారు ఒకరు. దిష్టి అన్నారొకరు. డాక్టరు ఒక సీసా మందు మార్చి ఇంకో సీసా ఇచ్చాడు. మా అమ్మాయి ఉద్యోగం మానేస్తానని ఏడ్చింది. ఇంట్లో అందరి ప్రాణం దాని మీదే ఉంది. నవ్వులాటలు నాకు కూడా సహించలేదు.

దానికోసమే మావారు ఇల్లు బాగుచేస్తున్నారు కూడా. తపాలా ఆఫీసులో రిటైరయ్యాక ఆ పెద్దమనిషికి ఏం తోచక, బుజ్జిది కిటికీ పట్టుకుని నిలబడ్డ రోజే గరుకు కాగితం కొనుక్కొచ్చారు. తాతగారి నాటి కిటికీలు, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద మీగడ రంగు. అన్నీ గీకేసి లోపలి కలప కనిపించేలా నున్నగా చేసి కొత్త రంగు వేస్తారట. "మనవరాలు గూట్లో కూర్చుంటే పేడు గుచ్చుకోకూడదు" అన్నారు. వారానికో రెక్క. పాపం, పోస్టులో ముద్ర కొట్టినంత శ్రద్ధగా గీకేవారు. పొడి పడితే నేను వెంటనే ఊడ్చేసేదాన్ని. ఎంత మురిసిపోయానో, ఇల్లు అద్దంలా తయారవుతోందని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పాతాళానికి పని దగ్గర తలనొప్పి మొదలైంది. ఖాళీ గొట్టంలో సీసం కనిపించింది. మళ్లీ చేసింది, మళ్లీ కనిపించింది. నీళ్లు మార్చింది. ఆసిడ్డు మార్చింది. చేతితొడుగులు వేరే రకం తెప్పించింది. గాలి శుభ్రంచేసే పెట్టె విప్పి జల్లెళ్లు కొత్తవి వేయించింది. కాలు కాలిన పిల్లిలా తిరిగేది. చివరికి వాళ్ల ల్యాబు పెద్దాయన మెత్తగానే అన్నాడట, "ఒక్కసారి ఖాళీ గొట్టాన్ని వేరేవాళ్ల చేత చేయించి చూద్దామమ్మా" అని. పక్కబల్ల అమ్మాయి చేసింది. మచ్చుకైనా సీసం లేదు.

ఆ సాయంత్రం పెరటి గట్టు మీద కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చుండిపోయింది.

"ఏమైందే?" అన్నాను.

"మురికి నీళ్లలో లేదు వదినా. నాలోనే ఉంది."

"రోజూ బురదలో దొర్లితే ఉండదా మరి?"

"బురదలో ఇంత లేదు. అదే అర్థం కావట్లేదు."

మర్నాడు తన వస్తువులన్నీ తనే పరీక్షించుకుంది. సంచి, కళ్లజోడు తాడు, జుట్టు, చెప్పులు. అన్నిట్లోనూ అంతో ఇంతో ఉంది గానీ, స్వెటర్‌లో మాత్రం విపరీతంగా ఉంది. నేనల్లిన స్వెటరే. ల్యాబు గదిలో చలి ఎక్కువని కోటు కింద వేసుకుంటుంది. సాయంత్రం వచ్చి నన్నొక విచిత్రమైన ప్రశ్న అడిగింది.

"వదినా, నా స్వెటర్ ఎక్కడ తగిలిస్తాను నేను?"

"హాల్లో కిటికీ పక్కన, మేకుకి. అక్కడ తగిలించొద్దని లక్షసార్లు చెప్పాను, వింటేగా."

అది కిటికీ వంక చూసింది. గూడు వంక చూసింది. తర్వాత భయం భయంగా నా వంక చూసింది. "వదినా, కోప్పడకు. మన ఇల్లు కొంచెం మురికిగా ఉందేమో."

నాకు ఒళ్లు మండింది. మండదా? "నా ఇల్లా? మురికా? బురదలో పుట్టి బురదలో పెరిగిన దానివి నువ్వు నాకు శుభ్రం నేర్పుతావా? ఏదీ, ఒక్క బూజు చూపించు! ఒక్క మరక చూపించు!" అని కొంగు దోపుకుని నిలబడ్డాను.

"కనిపించేది కాదు వదినా" అని గొణిగి, తడి కాగితాల పొట్లం విప్పింది. కిటికీ గూడు తుడిచి ఒక సంచీలో వేసింది. నేల తుడిచి ఒక సంచీలో. నా కుట్టుమిషన్ బల్ల తుడిచినప్పుడు నేను మొహం తిప్పేసుకున్నాను. గీకిన రంగు పెచ్చు ఒకటి తీసుకుంది. బుజ్జిదాని చెక్క బాతుని తుడిచింది. అన్నీ అయిపోయాయనుకుంటే, చాప మీద కూర్చుని వేళ్లు చీకుతున్న బుజ్జిదాని దగ్గరికెళ్లి, దాని గుప్పెట మెల్లగా విప్పి, అరచెయ్యి కూడా తుడిచింది. ఆ కాగితం సంచీలో వేస్తున్నప్పుడు పాతాళం చెయ్యి ఆగడం నేను చూశాను. అప్పటిగ్గానీ నాకు నోటికొచ్చిన మాటలు ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలకి కూర్చోబోతున్నాం. వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. మా పాతాళం! బూట్లతో, వాటికి చెరువు బురదతో, నేను తుడిచిన గచ్చు మీద అచ్చులు వేసుకుంటూ నేరుగా లోపలికి వచ్చేసింది. "కాళ్లు! కాళ్లే!" అని నేను కేక వేశాను. ఆ మాటే దాని చెవిన పడలేదు. కింద కూర్చున్న బుజ్జిదాన్ని ఒక్క ఊపున ఎత్తి చంకనేసుకుని, కిటికీ దగ్గర గరుకు కాగితం పట్టుకుని నిలబడ్డ వాళ్లన్నయ్యతో అంది.

"అన్నయ్యా, అది కింద పెట్టు. ఇంక గీకకు."

పెద్దమనిషికేం అర్థం కాలేదు. "ఈ రెక్క ఒక్కటే మిగిలిందే" అన్నారు.

అప్పుడు చెప్పింది. ఆ రోజుల్లో రంగుల్లో సీసం కలిపేవారట. చెక్కకి అతుక్కుని ఉన్నంతకాలం దానిమానాన అది ఉంటుంది, గీకితే పొడవుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్ల చేతులకంటి నోట్లోకి పోతుంది. రంగు పెచ్చులోని సీసం, స్వెటర్‌లోది, ఖాళీ గొట్టంలోది, బుజ్జిదాని అరచేతిలోది, అన్నిటికీ ఒకటే గని గుర్తు. చెరువుతో దానికి సంబంధమే లేదు. తన బురద మా ఇంటిని పాడుచేస్తుందని నేను ఇన్నాళ్లూ కాపలా కాస్తే, మా ఇల్లే దాని బురదని పాడుచేసింది. అది మాత్రం ఏం తక్కువ తిన్నది? ఇంటివైపు అంతా శుభ్రమేనన్న నమ్మకంతో ఆసిడ్లన్నీ మార్చింది గానీ, తను వచ్చే దారి వంక చూడనేలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి పరుగెత్తాం. బుజ్జిదాని రక్తం తీసిన కుర్ర నర్సుని మా పాతాళం "మీరు ఖాళీ గొట్టం పెడతారా?" అని నిలదీసింది. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. ఇంకోరోజైతే నేను పడీపడీ నవ్వేదాన్ని. సీసం ఎక్కువే ఉందన్నారు. డాక్టరు మంచివాడే. పిల్లని ఆ ఇంటికి తీసుకెళ్లొద్దు, ఇనుమూ కాల్షియమూ ఉన్న తిండి పెట్టండి, మళ్లీ మళ్లీ పరీక్ష చేద్దాం, మెల్లగా తగ్గాలి అన్నాడు. "తగ్గాలి" అన్నాడు గానీ "తగ్గుతుంది" అనలేదు. మావారు ఆ చీటీ ఇమ్మని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ చదివారు.

బయట బెంచీ మీద కూర్చున్నాక చెల్లెలి చెయ్యి పట్టుకున్నారు. తపాలా ఆఫీసులో ఎంతమందిని గదిమారో గానీ, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఏమే, ఇక దానికేం కాదు కదే? మళ్లీ మాటలొస్తాయి కదే?"

"తెలీదన్నయ్యా" అంది.

నాకు దాన్ని అక్కడికక్కడే రెండు వాయించాలనిపించింది. ఆయన్ని టీ కొట్టు దాకా పంపి దాని మీద పడ్డాను. "ఏం కాదులే అన్నయ్యా అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? ఎవర్ని ఉద్ధరించడానికే ఆ నిజం?"

దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాన్ని అలా నేను చూడటం అదే మొదలు. "ఇవాళ అబద్ధం చెప్తే, రేపు తగ్గిందని చెప్పినప్పుడు అన్నయ్య నమ్మడు వదినా. తను అడిగేది నన్నొక్కదాన్నే" అంది.

నా కోపం చప్పున చల్లారిందని చెప్పను. ఇంటికొచ్చేదాకా దానితో మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను రోజూ మా అమ్మాయి ఇంటికే వెళ్లి పిల్లని చూసుకునేదాన్ని. ఇక్కడ మా ఇంట్లో ముక్కుకి తొడుగులు కట్టుకున్న పనివాళ్లు కిటికీలు మొత్తానికే ఊడదీసి మూటగట్టి పట్టుకుపోయారు. చీపురు మూలన పడేసి తడిగుడ్డ పట్టుకోవడం నేర్చుకున్నాను, ఈ వయసులో. మా పాతాళం ఆ ఏడాది కోసిన బురద పలకలన్నిటినీ పారేసింది. ఖాళీ గొట్టంలో వచ్చిన లెక్క తీసేసి సరిపెట్టుకోవచ్చు కదమ్మా అని వాళ్ల పెద్దాయన అన్నాడట. తీసేయడానికి ఎంత తీసేయాలో నాకు తెలియదండీ, మళ్లీ చెరువుకెళ్తాను అందట. ఏడాది కష్టం. ఇంటికొచ్చి మాత్రం చలిపెట్టె ఖాళీ అయిందని చెప్పింది, అంతే.

మావారి సంగతే చూడలేకపోయాం. అమ్మాయి ఇంటికి వచ్చేవారు గానీ, గుమ్మం అవతలే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. బుజ్జిది చేతులు చాపితే తన చేతులు వెనక్కి పెట్టుకునేవారు. బట్టలు మార్చుకున్నారు, స్నానం చేశారు, ఇంకేముందండీ మీ దగ్గర అని నేను తిట్టాను. అమ్మాయి బతిమాలింది. అల్లుడు కూడా చెప్పిచూశాడు. "వద్దు, నా చేతులు మంచివి కావు" అనేవారు. నాకు ఏడుపొచ్చేది. ఆ కిటికీలు గీకింది దానికోసమేనని ఎవరికి తెలియదు? చెల్లెలు మాత్రం ఆయన్ని బతిమాలలేదు, ఓదార్చలేదు. సాయంత్రాలు వచ్చి ఆయన పక్కనే గుమ్మంలో ఇంకో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇద్దరూ చెరువు గురించి మాట్లాడుకునేవారు. బుజ్జిది లోపల్నించి ఇద్దర్నీ చూసేది.

రెండో పరీక్షలో తేడా లేదు. "అలాగే ఉందన్నయ్యా" అని అదే వచ్చి చెప్పింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. నేను మళ్లీ దాన్ని తిట్టాను, అది మళ్లీ పడింది.

మూడోది వానాకాలం మొదట్లో. నేను పిల్లకి అన్నం పెడుతున్నాను, ఆయన అలవాటుగా గుమ్మం అవతల కూర్చుని ఉన్నారు. మా పాతాళం ఆస్పత్రి నుంచి తడుస్తూ వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవడం మర్చిపోయినట్టుంది, దాని తెలివి తెల్లారినట్టే ఉంటుంది. గుమ్మంలో ఆయనకెదురుగా నిలబడింది. నేను ముద్ద అలాగే పట్టుకుని చూస్తున్నాను.

"తగ్గింది అన్నయ్యా. సగానికి సగం."

ఎంత ఉందని ఆయన అడగలేదు. డాక్టరేమన్నాడని అడగలేదు. చీటీ దాని చేతిలోనే ఉంది, దాని వంకైనా చూడలేదు. లేచి, గడప దాటి లోపలికి వచ్చి, నా ఒళ్లోంచి పిల్లని ఎత్తుకున్నారు.